నడుము కొలత

"పాప ఎప్పట్నుంచి చిక్కిపోతోందమ్మా?" అని టైలరమ్మని అడిగింది స్కూల్లో కౌన్సెలింగ్ మేడమ్. పక్కన కూర్చున్న పదో తరగతి కూతురు తలెత్తలేదు.

టైలరమ్మకి లెక్క కంఠతా వచ్చు. వీధిలో అందరి నడుములూ కొలిచే మనిషాయె!

"స్కూలు తెరిచినప్పుడు నడుము ఇరవై ఎనిమిది అంగుళాలండీ. మొదటి పరీక్షలకి ఇరవై ఆరు, ఇప్పుడు ఇరవై నాలుగు. రెండుసార్లూ స్కర్టు నేనే బిగించి కుట్టాను," అని గడగడా చెప్పేసింది.

చెప్పాక నాలిక్కరుచుకుంది. బిగించిన ప్రతిసారీ "ఎంత నాజూగ్గా తయారయ్యావే!" అని మురిసిపోయింది తనే, పాడు నోరు!

"అప్పుడు పాపని ఏమైనా అడిగారా?"

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అడిగానండీ. 'ఇంకాస్త బిగించనా?' అని."