లోపల వదిలిన గుడ్డ

నేను ఒక పెళ్లికోటును. పెళ్లికోటు అనగానే ఎవరో ఒక పెళ్లికొడుకు ఒకసారి తొడుక్కుని బీరువాలో దాచుకున్న కోటు అనుకునేరు. అంత సుఖపడే రాత నాకు లేదు. రేపల్లె దగ్గర బేతనియపేట అనే చిన్న క్రైస్తవపేటలో ఒక తరం మగవాళ్లంతా నాలో దూరే పెళ్లి చేసుకున్నారు. అదీ మే నెలలో. మావాళ్లకు ముహూర్తాలతో పనిలేదు, చల్లగా డిసెంబరులో చేసుకోవచ్చు. అయినా బడులకు సెలవులనీ, చుట్టాలకు తీరికనీ చెప్పి మండే ఎండల్లోనే పెట్టుకుంటారు. రేకుల చర్చిలో, మందపాటి కోటులో, మెడకు టై బిగించుకుని, బతికున్నంతకాలం ప్రేమిస్తానని ప్రమాణం చేసే మనిషి లోపల ఏమవుతోందో మీకు తెలియదు. మీకు ముఖం కనిపిస్తుంది. నాకు గుండె వినిపిస్తుంది. ఇక చంకల దగ్గర తడిని బట్టి ఆ మాటలో నిజమెంతో నేను ఇట్టే చెప్పేయగలను.

నన్ను కుట్టింది తెనాలిలో హుస్సేన్ సాయిబు. ముదురు నీలం గుడ్డ, లోపల నున్నటి లైనింగు, ఎడమ జేబు పైన పువ్వు గుచ్చుకోవడానికి చిన్న కాజా. తన దగ్గర పని నేర్చుకున్న కొర్నేలి పెళ్లికి కానుకగా కుట్టాడు. కుట్టేటప్పుడు పక్క కుట్లలో రెండేసి వేళ్ల గుడ్డ లోపలికి మడిచి వదిలాడు. కొర్నేలికి అది వృథా అనిపించింది. కత్తిరించి పారేస్తే కోటు ఇంకా నాజూగ్గా ఉంటుంది కదా అన్నాడు.

సాయిబు నవ్వి, "ఒళ్లు మన మాట వినదురా. లోపల గుడ్డ వదలాల" అన్నాడు.

అప్పుడు కొర్నేలికి అది టైలరింగు పాఠంలాగే వినిపించింది. నాకూ అంతే.

పెళ్లయ్యాక కొర్నేలి పేటలోనే కొట్టు పెట్టుకున్నాడు. మంచివాడు, భక్తిపరుడు. ఉన్న ఒక్క తెగులు, కాస్త ఎక్కువగా మాట్లాడతాడు. ఒక జనవరి ఒకటో తారీకున ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమంటే, నన్ను తొడుక్కుని ముందుకు వెళ్లి, తనకున్నదంతా ప్రభువుదేననీ, తనదంటూ ఈ లోకంలో సూది కూడా లేదనీ చెప్పాడు. పేటంతా కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఆయన గుండె విన్నాను. చాలా నింపాదిగా కొట్టుకుంటోంది. దేవుడు నిజంగా వచ్చి అడుగుతాడన్న భయం ఏ మూలా లేదు.

ఆ వారంలోనే యెషయా అయ్యగారు కొట్టుకు వచ్చారు. అయ్యగారంటే మా పాస్టరు. జెర్మియా పెళ్లి కుదిరిందనీ, పాపం కోటు లేదనీ చెప్పి, "నీ దగ్గర ప్రభువు కోటు ఒకటుందని మొన్న చెప్పావు గదా, ఒక పూటకిస్తావా?" అన్నారు.

కొర్నేలి, "దేవుని చిత్తమైతే అట్టాగే అయ్యగారూ" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పేటలో 'దేవుని చిత్తమైతే' అంటే అర్థం ఒకటి కాదు. వస్తాననడానికి అదే మాట, రాననడానికీ అదే మాట. ముఖ్యంగా ఇవ్వడం ఇష్టం లేనప్పుడు తప్పు దేవుడి మీదికి పోవాలంటే ఇంతకన్నా మర్యాదైన మాట లేదు. అయ్యగారికి ఇది బాగా తెలుసు.

"చిత్తమేనంట. దారిలో అడిగే వస్తన్నా" అన్నారాయన.

అలా మొదలైంది నా సేవ. జెర్మియా సన్నగా ఉండేవాడు, భుజాల్లో తువ్వాళ్లు కుక్కారు. అబ్రహాముకు నా బొత్తాలు ఒక్కటీ అందలేదు. ఆయన పెళ్లంతా పూలగుత్తిని పొట్టకు అడ్డం పెట్టుకునే ఉన్నాడు, ఫొటోల్లోనూ, చివరికి బిర్యానీ దగ్గర కూడానూ. ఇంకొకాయన ఓర్పు గురించి అయ్యగారి ప్రసంగం సాగుతుండగా నాతో సహా కిందపడిపోయాడు. ప్రతి పెళ్లి తర్వాతా కొర్నేలి నన్ను ఎండలో ఆరేసి, బ్రష్షు కొట్టి, కలరా ఉండలు వేసి దాచేవాడు. మొదట్లో విసుక్కుంటూ, తర్వాత్తర్వాత గొప్పగా. 'నా కోటు' అనడం మానేసి 'ప్రభువు కోటు' అనడం మొదలుపెట్టాడు. ఇవ్వడం ఇంత సులువా అని ఆయనకే ఆశ్చర్యం. నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆయన ఇస్తున్నది కోటు. అంతకన్నా పెద్దది ఇంకా ఎవరూ అడగలేదు.

ఆయనకు ఒక దుఃఖం ఉంది. పెళ్లయిన మూడేళ్లకు భార్య దీనమ్మకు ఆడపిల్ల పుట్టి పురిట్లోనే పోయింది. ఆ వారంలోనే ఎదురింటి సుగుణమ్మకు ఆడపిల్ల పుట్టింది. కెజియా అని పేరు పెట్టారు. తన బిడ్డ కోసం కుట్టి పెట్టిన గౌనును కొర్నేలి తీసుకెళ్లి ఆ పిల్లకు తొడిగాడు. అప్పటినుంచి ఏ క్రిస్మస్‌కూ కెజియా గౌను బయట కుట్టించలేదు. పిల్లకు తండ్రి చిన్నప్పుడే పోయాడు. కొర్నేలిని 'బాబాయ్' అంటూ కొట్టులో బొత్తాలతో ఆడుకుంటూ పెరిగింది. పెరిగి నర్సయింది. కొర్నేలికి మిగిలింది ఆ పాపకన్నా ముందు పుట్టిన ఓబేదు ఒక్కడే. కరెంటు పనులు చేసుకుంటాడు, బక్కపలచని మనిషి.

వాడికి పెళ్లీడు రాగానే కొర్నేలికి ఒక ఆశ పుట్టింది. కెజియా తన ఇంటికి కోడలుగా రావాలి. పోయిన కూతురు ఈ దారిన ఇంట్లో అడుగుపెడుతుందని ఆయన ఊహ. ఆ ఊహకు నేను వంక పెట్టను. దాన్ని ఆయన దేవుడికి అప్పజెప్పిన పద్ధతికే నాకు నవ్వొస్తుంది. గురువారం పొద్దున కొట్టులో మోకరించి, ఇవాళ కెజియా ఇక్కడికి వస్తే అది నీ చిత్తమని నమ్ముతాను ప్రభువా అని ప్రార్థించాడు. గురువారం వచ్చి జాకెట్టు తీసుకుపొమ్మని ఆ పిల్లకు చెప్పింది ఆయనే.

కెజియా వచ్చింది. "బాబాయ్, జాకెట్టు అయిందా?" అంది.

"అయిందమ్మా. ఇకమీదట బాబాయ్ అనబాక, మావయ్యా అని పిలువు."

"ఎందుకు బాబాయ్?"

కొర్నేలి జాకెట్టు మడిచి చేతికిచ్చాడు. ఇరవై ఏళ్లకు పైగా బాబాయ్ అని పిలిచిన నోటికి ఆ ఇంటి కొడుకు అన్న అవుతాడు గానీ మొగుడెలా అవుతాడు? రక్తసంబంధం కాదు కదా, పిలుపే కదా, మార్చుకుంటే సరిపోతుందని ఆయన లెక్క. ఆ సాయంత్రమే నన్ను తీసి ఓబేదు కొలతకు బిగించడం మొదలుపెట్టాడు.

దీనమ్మ వచ్చి చూసింది. "పిల్లనడిగావా?" అంది.

"లేదు."

"పోనీ మనోణ్ణి?"

"దేవుణ్ణడిగా."

"ఏమన్నాడు?"

"ఊరుకున్నాడు. వద్దనలా గదా."

నా పక్కలు రెండూ లోపలికి లాగి గట్టిగా కుట్టేశాడు. లోపల ఇప్పుడు బోలెడు గుడ్డ పోగుపడింది. కత్తెర తీసుకుని దాన్ని కోసేయబోయాడు. బ్లేడు చల్లదనం నాకు తగిలింది. ఏమనుకున్నాడో, సాయిబు గుర్తొచ్చాడో, ఆగి కత్తెర పక్కన పెట్టాడు. ఆ క్షణాన నేను పీల్చిన ఊపిరి లెక్కలోకి రాదు గానీ, నా చరిత్రలో అంతకన్నా పెద్ద గండం లేదు.

కొద్దిరోజులకు సుగుణమ్మ కొట్టుకు వచ్చింది. కెజియాకు సంబంధం కుదిరిందని చెప్పింది. అబ్బాయి సీలాసు, రైసుమిల్లులో పని, చర్చిలో డోలక్ వాయించేది అతనే. పిల్ల ఇష్టపడిందట. అంతా చెప్పి రెండు కోరికలు కోరింది. పేటలో అందరికీ ఇచ్చినట్టే సీలాసుకు కోటివ్వాలి. తండ్రి లేని పిల్ల కాబట్టి కొర్నేలే చేయిపట్టుకుని చర్చిలోకి నడిపించి పెళ్లికొడుక్కి అప్పగించాలి.

"పిల్ల పట్టుబట్టింది. బాబాయే నడిపించాలంట" అంది సుగుణమ్మ.

నేను హ్యాంగరు మీద, ఓబేదు కొలతతో, తగుదునమ్మా అని వేలాడుతున్నాను. కొర్నేలి నావైపు చూశాడు. "దేవుని చిత్తమైతే చూద్దాంలే" అన్నాడు. ఆ మాటకు పేటలో ఉన్న రెండో అర్థం సుగుణమ్మకు తెలుసు. కొట్టు దిగి వెళ్లిపోయింది.

ఓబేదును నిలదీస్తే వాడు తాపీగా, "నన్ను అన్నా అంటది నాన్నా. ఆళ్లిద్దరి సంగతి నాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు. సంగతి తెలియనివాడు ఇంట్లో కొర్నేలి ఒక్కడే అని తేలిపోయింది. ఆ రోజునుంచి కొర్నేలి దేవుడితో మాటలు మానేశాడు. చర్చికి వెళ్లేవాడు, వెనక బెంచీలో కూర్చునేవాడు, పాట మాత్రం పాడేవాడు కాదు. భోజనం ముందు ప్రార్థన దీనమ్మకు వదిలేశాడు. ఇన్నాళ్లూ అన్నీ దేవుడివే అన్నవాడికి, ఆ అన్నింటిలో కెజియా కూడా ఉందని అప్పుడే తెలిసినట్టుంది.

పెళ్లి దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం దీనమ్మ కొట్టుకు అన్నం తెచ్చి, ఆయన తినకుండా కూర్చోవడం చూసి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మన పిల్ల బతికుంటే దాని పెళ్లికి ఏంజేసేవాడివి?"

"అల్లుడికి కోటు కుట్టేవాణ్ణి" అన్నాడు కొర్నేలి.

"మరింకేంది? కుట్టు."

ఆమె అన్నం గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. కొర్నేలి నన్ను హ్యాంగరు మీదినుంచి తీసి ఒళ్లో వేసుకున్నాడు. బ్లేడు అందుకున్నాడు. తలుపు తీసే ఉంది, వీధిలో జనం పోతూనే ఉన్నారు, ఆయన పట్టించుకోలేదు.

"ప్రభువా, నేనడిగింది ఒకటి, నువ్వు చేస్తన్నది ఒకటి. నాకు నచ్చలా. నచ్చకపోయినా ఇప్పుతున్నా" అన్నాడు.

ఆయన నోట విన్న ప్రార్థనల్లో ఇదొక్కటే నాకు నిజమనిపించింది. ఒక్కో కుట్టూ తెంపుతున్నాడు, దారం పీకుతున్నాడు. తాను బిగించిన కుట్లు అయిపోయాయి. సీలాసుది వెడల్పాటి ఛాతీ, దానికి అది చాలదు. సాయిబు వేసిన పాత కుట్ల దగ్గరికి వచ్చాడు. అవీ విప్పాడు. ఎన్నో ఏళ్లుగా మడతలో దాగున్న గుడ్డ బయటికి వచ్చింది. నా మీద నీళ్లు పడ్డాయి. పేటలో పెళ్లికొడుకులందరి చెమటా తాగినదాన్ని నేను. కన్నీళ్లు మాత్రం అదే మొదటిసారి. నాకు ఆయన మీద ప్రేమ కలిగిందని చెప్పడానికి సిగ్గుపడను.

విప్పాక తెలిసింది ఒక చిక్కు. ఏళ్ల తరబడి ఎండకు నా ఒళ్లంతా వెలిసిపోయింది. లోపలినుంచి వచ్చిన గుడ్డ మాత్రం సాయిబు కత్తిరించిన రోజున ఎలా ఉందో అలాగే ముదురు నీలంగా ఉంది. రెండు పక్కలా రెండు చారలు తేలాయి. నాకు తల కొట్టేసినట్టయింది. సీలాసు మాత్రం అద్దంలో చూసుకుని, "కొత్త ఫ్యాషనా మావయ్యా?" అని మురిసిపోయాడు.

పెళ్లిరోజు అతని గుండె డోలక్‌లాగే మోగింది, తాళం తప్పకుండా. కోటు లేని కొర్నేలి తెల్లచొక్కాతో కెజియా చేయిపట్టుకుని నడిచి వచ్చాడు. అయ్యగారు పుస్తకం తెరిచి, ఈ కన్యకను ఈ పురుషునికి ఇచ్చువారెవరు అని అడిగారు. దానికి 'నేను' అనాలి. ముందురోజు రెండుసార్లు నేర్పించారు కూడా.

కొర్నేలి కెజియాను చూశాడు. సీలాసు మీద ఉన్న నన్ను చూశాడు. ఆ తర్వాత రేకుల కప్పు వైపు చూశాడు.

"చిత్తం" అన్నాడు.

చర్చి మొత్తం గొల్లుమంది. జమీందారు ముందు చేతులు కట్టుకుని అన్నట్టుంది మరి. అయ్యగారు కూడా నవ్వు ఆపుకుంటూ, "కొర్నేలీ, నేను అనాల" అన్నారు.

"చిత్తం అయ్యగారూ" అన్నాడు కొర్నేలి మళ్లీ, కళ్లు రేకుల మీదినుంచి దించకుండానే.

అయ్యగారి నవ్వు ఆగిపోయింది. ఒక్క నిమిషం పుస్తకం మూసి, "సరిపోయింది" అని తర్వాతి మాటలోకి వెళ్లారు. కెజియా చెయ్యి సీలాసు చేతిలో పెట్టేటప్పుడు కొర్నేలి మణికట్టు నా అంచుకు తగిలింది. నాడి గబగబా కొట్టుకుంటోంది. ఆనాటి సాక్ష్యమప్పుడున్న నింపాదితనం ఇప్పుడు లేదు. 'బాబాయ్' అంది కెజియా, వినపడీ వినపడనట్టు. ఆయన ఈసారి సవరించలేదు.

మరుసటేడు ఓబేదు తనకు నచ్చిన బాపట్ల అమ్మాయిని చేసుకున్నాడు. నేను వాడి భుజాల మీదినుంచి జారిపోతుంటే, కాస్త బిగించు నాన్నా అని బతిమాలాడు. కొర్నేలి సూది పట్టలేదు. "ఉండనీరా, ఎవరికి అవసరమో" అన్నాడు. తువ్వాళ్లు మళ్లీ పనికొచ్చాయి.

ఇప్పటి కుర్రాళ్లు తెనాలినుంచి తళుకుల షేర్వాణీలు అద్దెకు తెచ్చుకుంటున్నారు. నన్నడిగేవాళ్లు లేరు. చర్చి వెనకగదిలో ట్రంకుపెట్టెలో ఉంటాను. క్రిస్మస్ నాటకంలో మాత్రం హేరోదు రాజు నన్నే తొడుక్కుంటాడు. ఇన్ని ప్రేమ ప్రమాణాలు మోసిన ఒంటికి చివరికి పసిపిల్లల్ని చంపించే రాజు వేషమేమిటని మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత అలవాటైంది, దేవుని చిత్తం.

మొన్న నాటకం అయ్యాక నన్ను మడతపెట్టడానికి కొర్నేలే వచ్చాడు, దీనమ్మను వెంటబెట్టుకుని. చూపు తగ్గింది. కాలరు దగ్గర చిరుగులు, చేతుల దగ్గర మరకలు తడుముతూ వచ్చి, పక్కనున్న ఆ చార దగ్గర వేలు ఆపాడు. దీపం దగ్గరికి పట్టి చూశాడు.

"అంతా పోయింది గానీ, దీనమ్మా, ఇది మాత్రం ఇంకా కొత్తగానే ఉందే" అన్నాడు.