తాళం వేసిన ఇంట్లో మంచు

లక్ష్మణ్ పోయిన నక్షత్రం మంచిది కాదని అయ్యగారు తేల్చాక, కోదాడలోని ఆ రేకుల ఇంటిని మూడు నెలలు విడిచిపెట్టాల్సి వచ్చింది. పొయ్యి వెలగకూడదు, మనిషి నిద్ర చేయకూడదు. భార్య ఉమ వాకిలికి తుమ్మకంప అడ్డం వేయించి, హుజూర్‌నగర్‌లో కిరాయి గదికి మారింది. అక్కడి నుంచే చిలుకూరు బడికి వెళ్లి పాఠాలు చెప్పింది. పోయినవాడి వస్తువేదీ లోపల మిగలకూడదని, ఆడబిడ్డ సువర్ణ చీపురుతో సహా అన్నీ ఆటోలో వేయించింది. పెద్ద బొమ్మ ఒక్కటి ఆటోలో పట్టలేదు. తర్వాత చూద్దామని గోడకే వదిలేశారు.

లక్ష్మణ్ డ్రాయింగ్ మాస్టరు. మంచును ఎన్నడూ కళ్లతో చూసినవాడు కాదు. అయినా చివరి రోజుల్లో, చలిదేశంలో వసంతం అడుగుపెట్టే వేళను గీశాడు. అంతటా తెలుపు, మధ్యలో అప్పుడే కరగడం మొదలైన సన్నటి వాగు, అవతలి ఒడ్డున ఒక మంచుదిబ్బ. మనిషి జాడ లేదు.

గడువు తీరి, శుద్ధి చేయించి లోపలికి వచ్చేసరికి బొమ్మలో వాగు వెడల్పయి ఉంది. ఒడ్డున నల్లమట్టి తేలింది. మంచుదిబ్బ అనుకున్నది ఒక గుడిసె. దాని తలుపు పైసగం కనిపిస్తోంది.

రేకుల వేడికి రంగు రాలి ఉంటుందని సువర్ణ అంది. ఉమ వేలితో తడిమి చూసింది. రంగు ఎక్కడా రాలలేదు. మట్టి మీద కుంచె గీతలు ఎడమకు వాలి ఉన్నాయి. అది లక్ష్మణ్ చేతివాటం.

ఆ బొమ్మ ఉన్నంతకాలం ఇంటికి పట్టింది వదలదని సువర్ణ భయం. బొమ్మ పూర్తయిన రోజు అన్న పంపిన ఫోటోను వాట్సాప్‌లో పెట్టి అమ్మకానికి ఉందని చెప్పింది. ఉమ కాదనలేదు. ఆ గోడ వైపు చూస్తూ అన్నం తినడం ఆమెకూ చేతకావడం లేదు.

వారమంతా ఇంట్లో మనుషులు మసలుతుంటే బొమ్మ మారలేదు. ఆదివారం ఇద్దరూ ఇల్లు మూసి ఆత్మకూరులో చుట్టాలింటికి వెళ్లి వచ్చారు. తిరిగి వచ్చి చూస్తే గుడిసె గడప దగ్గర, మంచులోంచి రెండు చెప్పుల కొసలు బయటికి వచ్చి ఉన్నాయి. గడప ముందు ఎవరైనా విడిచి లోపలికి వెళ్లినట్టు. అవి ఎవరివో తెలియాలంటే ఇంకా జానెడు మంచు కరగాలి.

మర్నాడు సాయంత్రం కొనడానికి ఏసుబాబు వచ్చాడు. మిర్యాలగూడలో ఐస్‌క్రీమ్ షాపు పెడుతున్నాడట. గోడ నిండా మంచుండాలని ఆయన కోరిక. బొమ్మ చూసి నవ్వాడు.

"కోదాడ ఎండకు బొమ్మల మంచు గూడ ఆగలేదా మేడం?"

తర్వాత తన ఫోనులోని ఫోటోను బొమ్మ పక్కన పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది. సారు ఇలాంటిది ఇంకొకటి గీశారా అని అడిగాడు. లేదంది ఉమ. ఆయన కాసేపు ఫోటోను, గోడను మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించాడు.

"ఫోటోల చెప్పుల్లేవు మేడం. గోడ మీద ఉన్నయి. లోపల ఎవరన్న ఉన్నరా?"

సువర్ణ తేరుకుని, ధర తగ్గిస్తామనీ ఇప్పుడే తీసుకుపొమ్మనీ తొందరపెట్టింది. గోడ మీంచి దించడానికి స్టూలు కూడా జరిపింది. ఉమ వెళ్లి బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"అమ్మను."

"వదినా, మతి ఉండే మాట్లాడుతున్నవా? నీ మంచికే గదా చెప్తున్న. అన్న పోయిండు. ఇగ రాడు."

"నాకు తెలుసు, సువర్ణా. నేను ఇంట్లో ఉంటే అది కరగదు. గంతే."

ఏసుబాబు చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ రాత్రి సువర్ణ ముందుగదిలోనే, బొమ్మకు వీపు పెట్టి పడుకుంది.

తెల్లవారగానే ఉమ హుజూర్‌నగర్ ఇంటివాళ్లకు ఫోను చేసి, గది ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పింది. ఎన్నాళ్లకని వాళ్లడిగితే, ఎండలు ముదిరేదాకా అంది. బట్టలు సంచిలో సర్దుకుని, కిటికీలన్నీ మూసి, తలుపుకు తాళం వేసింది. అయ్యగారు చెప్పిన గడువు ఎప్పుడో తీరిపోయిందని, ఇప్పుడు ఇల్లు విడిస్తే ఊరు ఏమనుకుంటుందని సువర్ణ వీధి చివరిదాకా వెంట నడుస్తూ అడుగుతూనే ఉంది.

బస్సు కదిలాక ఉమ వెనక్కి తిరగలేదు. తను చూడకుండా ఉంటేనే అక్కడ పని సాగుతుంది.