తొహొతొమ్ గారి విల్లు పిడి

పళ్ల డాక్టరు ఎగోన్‌కు యాభై దాటాక పూర్వీకులు పూనారు. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆ షోమొజ్ కొండల్లో ఊరి పళ్లన్నీ పీకి బతికినవాడు, ఒక వేసవిలో ఉన్నట్టుండి మీసాలు కిందికి దువ్వి, గొర్రెతోలు టోపీ పెట్టి, తన పేరు ఇకమీదట తొహొతొమ్ అని చాటించాడు. వెయ్యేళ్ల కిందట గుర్రాల మీద ఈ హంగేరీకి వచ్చిన దొరల్లో ఒకడి పేరట అది. గుర్రమంటే ఎగోన్‌కు భయం. అందుకని విల్లుతో సరిపెట్టుకున్నాడు.

విల్లంబుల సంఘానికి ఆయనే నాయకుడు. మూడేళ్లుగా పెంతెకోస్తు రాజు కూడా ఆయనే. పండగ ఆదివారం పోటీలో గెలిచినవాడు ఆ ఊళ్లో ఏడాదిపాటు రాజు. వెండెల్ సారాకొట్టులో అడక్కుండానే వాడి గ్లాసు నిండుతుంది. ఆ మూడేళ్లూ ఆయనతో పోటీకి దిగినవాళ్లలో సగం మందికి ఆయన దగ్గర పన్ను పని మధ్యలో ఆగి ఉంది. ఇక గురిచూసి కొట్టే ధైర్యం ఎవరికుంటుంది?

ఎటెల్కాది జీనులు కుట్టే ఇల్లు. తండ్రి పోయాక దుకాణం ఆమె చేతికొచ్చింది. గుర్రాలే కరువైన రోజుల్లో జీనులు ఎవరిక్కావాలి? విళ్ల పిడులకు తోలు తొడిగి ఎలాగో తలుపులు తెరిచి ఉంచుతోంది. ఆగస్టులో పట్నం సంతలో సరుకు పరిచి అమ్ముకోడానికి ఆమెకో బల్ల దొరికితే దుకాణం ఇంకో పదేళ్లు నడుస్తుంది. దొరక్కపోతే చలికాలానికి మూతే. బల్ల కావాలంటే పని తెలిసిన మనిషని పత్రం ఉండాలి. ఆ పత్రం మీద సంతకం పెట్టాల్సింది విల్లంబుల సంఘం నాయకుడు. అదీ ఆమె ఖర్మ.

పండగ మూడు రోజులుందనగా తొహొతొమ్ కొత్త విల్లు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. వెనకాలే పెళ్లాం యోలాన్ ఆయన టోపీ, ఆయన సంచీ, ఆయన గొడుగు మోసుకుంటూ వచ్చింది.

"పిడి అదిరిపోవాలి ఎటెల్కా. పూర్వీకులు చూస్తే మురిసిపోవాలి."

"పూర్వీకుల సంగతేమో గానీ డాక్టరుగారూ, మీ చేతికి అమరాలి గదా. తోలు తడారేదాకా పట్టుకుని కూర్చోవాలి. గంటన్నర. వేలు కదపగూడదు."

"నాయకా అని పిలవాలి."

"సరే, నాయకా. వేలు కదపగూడదు."

పిడి కొయ్య మీద పల్చటి బెండు పొర అంటించి, దానిమీద నానిన జింకతోలు లాగి చుట్టింది. ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదులూ ఎదురెదురుగా దూరుస్తూ కుట్టుకొచ్చింది. తడితోలు ఆరుతూ బిగుస్తుంది. బిగిసేటప్పుడు ఏ చేతిలో ఉంటే ఆ చేతి అచ్చు పడుతుంది. ఆ తర్వాత ఎవరొచ్చి బతిమాలినా మారదు.

తొహొతొమ్ ఎడమచేత్తో పిడి పట్టుకుని కూర్చున్నాడు. ఏడు నిమిషాలు కూర్చున్నాడు. అప్పటికి పూర్వీకుల శౌర్యం గురించి నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది. చేతులూపకపోతే ఆయనకు మాట రాదు. ఇంతలో ఫోను మోగింది. పండగ చేపల పులుసు కాగు ఎక్కడ పెట్టాలో నాయకుడు వస్తేగానీ తేలదట.

"ఇంద, నువ్వు పట్టుకో" అని విల్లు పెళ్లాం చేతిలో పెట్టాడు.

"మీ చెయ్యే ఉండాలండీ" అంది ఎటెల్కా. "ఆ తోలు..."

"తోలు తోలే, చెయ్యి చెయ్యే. ఆడాళ్లు ప్రతిదాన్నీ రాద్ధాంతం చేస్తారు."

వెళ్లిపోయాడు. ఎటెల్కా వీధిలోకి పరిగెత్తి మళ్లీ చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఒళ్లు మండింది, అంతే. యోలాన్ కుడిచేతికి కాఫీ కప్పు అందించింది. ఇద్దరూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకున్నారు. ఆ గంటన్నరా యోలాన్ ఎడమచెయ్యి వేలు కదపలేదు.

ఆదివారం ఊరంతా మైదానానికి వచ్చింది. తొహొతొమ్ మొదటి బాణం గురిగా పెట్టిన గడ్డిమోపు పక్కగా పోయి కంచెలో దిగింది. రెండోది బాతుల మందను చెదరగొట్టింది. పిడిలో చెయ్యి ఇమడక విల్లు ప్రతిసారీ మెలితిరిగిపోతోంది. మూడో బాణం వెండెల్ బీరు పీపాలో గుచ్చుకుంది. పోటీవాళ్లు పాపం శక్తివంచన లేకుండా ప్రయత్నించారు గానీ, ఆ రోజు ఆయన చేతిలో ఓడిపోవడం ఎవరివల్లా కాలేదు. చివరికి కట్టుడుపళ్లు పెట్టించుకుని డాక్టరుతో పని తీరిపోయిన మాంసం కొట్టువాడు రాజయ్యాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు తొహొతొమ్ పిడి మీద పడ్డాడు.

"ఇది పిడా? నా చేతికి కుట్టిన పిడేనా ఇది? ఇట్లాంటిదానికి పత్రం కూడానా? నేను సంతకం పెట్టను. వెండెల్, ఆ కాగితం చింపెయ్."

సంఘానికి కార్యదర్శి వెండెలే. కాగితం బయటికి తీశాడు గానీ చింపలేదు, పెదవి విరుస్తూ నిలబడ్డాడు. దుకాణంలో ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఎటెల్కా తనను తానే తిట్టుకుంది.

"ఆరేదాకా మీరే పట్టుకున్నారా?" అని అడిగింది.

"నేనే. గంటన్నర. పూర్వీకుల మీద ఒట్టు, వేలు కదిపితే అడుగు."

నాయకుడి ఒట్టు ముందు జీనులవాడి కూతురి మాట ఎవడు వింటాడు? ఎటెల్కా పులుసు కాగు వైపు చూసింది. యోలాన్ వంచిన తల ఎత్తకుండా గరిటె తిప్పుతోంది. ఆమె ఎత్తుతుందన్న ఆశ కూడా ఎటెల్కాకు లేదు. మొగుడు మాట్లాడేటప్పుడు యోలాన్ తలెత్తగా ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

యోలాన్ గరిటె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొగుడి చేతిలోంచి విల్లు తీసుకుంది. పిడి పట్టుకుంది. నాలుగు వేళ్లూ నాలుగు గుంటల్లో కూర్చున్నాయి, బొటనవేలు దాని చోటికి అది వెళ్లింది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచి చూశారు. కొత్త రాజు కట్టుడుపళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"అయితే నా విల్లు పాడుచేసింది నువ్వా?" అన్నాడు తొహొతొమ్.

"ముప్పయ్యేళ్లుగా నువ్వు పట్టుకోవాల్సినవన్నీ నేనే పట్టుకుంటున్నా, ఎగోన్" అంది యోలాన్. "ఇది తోలు కాబట్టి బయటపడింది."

వెండెల్ కాగితాన్ని తీసుకెళ్లి, బాణం దిగిన పీపా మీద పరిచి, గాలికి ఎగరకుండా రెండు చేతులతో నొక్కి పట్టాడు. ఎగోన్ అటూ ఇటూ చూశాడు. ఊరంతా ఆయన్నే చూస్తోంది. పీపా దగ్గరికి నడిచాడు. అలవాటు కొద్దీ కలం కోసం పెళ్లాం వైపు చెయ్యి చాచాడు.

యోలాన్ విల్లు వదల్లేదు.

"నీ జేబులో చూసుకో" అంది.