ఆరు కిలోల తాత

మోహెన్ కాళ్ళకింద వెదురు విరిగిన రోజున నేను చెట్టుకిందే ఉన్నాను. పైన ఉండి ఉంటే ఈ కథ ఇంకెవరైనా చెప్పవలసి వచ్చేది.

మా ఊళ్ళో కల్లు గీసేవాళ్ళు ప్రతి చెట్టూ ఎక్కి దిగరు. పొద్దున్నే ఒక కొబ్బరిచెట్టు ఎక్కితే, చెట్ల తలల మధ్య కట్టిన వెదుళ్ళ మీదుగా నడుచుకుంటూ తోటంతా చుట్టి, చివరి చెట్టు దిగి ఇంటికి పోతారు. కాలికింద ఒక వెదురు, చేతి ఆసరాకి ఇంకో వెదురు. నేనూ నలభై ఏళ్ళు అలా తిరిగినవాణ్ణే. మా రోజుల్లో నడుస్తూ నడుస్తూ ఒక కునుకు తీసి, రెండు చెట్లు దాటాక లేచేవాళ్ళం. నేల మీద నడక ఎంతగా మరిచిపోయానంటే, నా పెళ్ళికి చర్చిలోకి చేతులు రెండూ చాపుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను. నమ్మకపోతే మానండి, మా ఆవిడ ఉంటే సాక్ష్యం చెప్పేది.

మోహెన్ సంగతి వేరు. చర్చిలో పెట్టిన పేరు హెర్మొహెనెస్. మనిషి పొడుగుకి తగిన పేరే గానీ అంతా పలికే ఓపిక ఎవరికీ లేదు. ఆరడుగుల ఒక అంగుళం. మా ఊళ్ళో వాన ముందు అతనికి తెలుస్తుంది, తరవాత మాకు. కొత్తగా వచ్చిన ఫాదరు ఒకసారి పూజ మధ్యలో ఆపి, "వెనక నిలబడ్డ అబ్బాయి కూడా మోకరించాలి" అన్నాడు. మోహెన్ అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు. అలాంటి పొడుగుకి నలభై దాటేసరికి అడ్డం కూడా తోడయింది. నూట మూడు కిలోలు. అతను ఎక్కితే వెదురు వంగే తీరుకి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళడమంటే సగం దారి దిగుడు, సగం దారి ఎక్కుడు.

ఆ రోజు మరి వంగలేక విరిగింది. చేతి వెదురు పట్టుకుని కొంతసేపు గబ్బిలంలా వేలాడి, ఎలాగో చెట్టుని కాళ్ళతో చుట్టేసి కిందికి జారాడు. ఛాతీ చర్మం సగం చెట్టుకే మిగిలిపోయింది.

కా టిబో, అంటే టిబో అన్న, మా గీతగాళ్ళందరికీ పెద్ద. తోటలో ఎవరు ఎక్కాలో ఎవరు ఎక్కకూడదో ఆయన మాటే చెల్లుతుంది. వచ్చి, విరిగిన వెదురు ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంక నువ్వు ఎక్కకు, మోహెన్."

"కొత్త వెదురు వేస్తే పోలా, కా టిబో?"

"వెదుర్ని ఎన్నిసార్లు మారుస్తాంరా? ఈసారికి నిన్ను మారుద్దాం. నీ వెనకాల ఇంకా మనుషులు నడుస్తారు దాని మీద."

"ఎంత తగ్గమంటావ్?"

"నాకేం తెలుసు? నీయంత పొడుగువాణ్ణి నేను ఇంకోణ్ణి చూళ్ళేదు. తగ్గమన్నాను కదా అని ఎండిపోయి, కళ్ళు తిరిగి పైనుంచి పడ్డావనుకో, అదీ నా మెడకే చుట్టుకుంటుంది. ఆరోగ్య కేంద్రానికి పో. నీ పొడుగుకి ఎంత బరువుంటే మంచిదో రాయించుకురా. ఆ బరువుకి దిగిన రోజు నువ్వు చెట్టెక్కు."

న్యాయమైన మాటే. కానీ మోహెన్‌కి కింద చేసే పని ఏదీ రాదు. సారా బట్టీలో నిలబెడితే రోజుకి నాలుగుసార్లు దూలానికి నుదురు కొట్టుకున్నాడు. నాట్లకి వెళితే నడుం వంచేసరికే అలిసిపోయాడు. దేవుడు అతన్ని పైనుండడానికే చేశాడు, తూకం దగ్గర మాత్రం చెయ్యి జారింది.

మంగళవారం ఆరోగ్య కేంద్రానికి అతనితో నేనూ వెళ్ళాను. నా రక్తపోటు మాత్రల కోసమనుకోండి. నర్సు లూడీ అని, పట్నం నుంచి కొత్తగా వచ్చింది. వాళ్ళ నాన్న వయసున్నవాళ్ళని కూడా తిట్టకుండా మందులిస్తుంది కాబట్టి వరుస ఎప్పుడూ గుమ్మం దాటే ఉంటుంది.

గోడ మీద ఎత్తుకి తగ్గ బరువుల పట్టీ ఉంది. అది అయిదడుగుల తొమ్మిది దగ్గర ఆగిపోయింది. మోహెన్ తల ఆనిన చోట పట్టీ లేదు, ఒక బల్లి ఉంది. లూడీ స్టూలెక్కి కొలిచి, రక్తం తీసి సీసాలో పోసి, సెల్‌ఫోన్‌లో లెక్క వేసుకుంది.

"ఎనభై అయిదు," అంది. మళ్ళీ ఫోన్ చూసి, "ఆగండాగండి. డెబ్బై తొమ్మిది," అంది.

మోహెన్ మొహం చూడాలి. "మేడమ్, నేనింకా ఇక్కడే కూచున్నాను. అప్పుడే ఆరు కిలోలెలా తగ్గాను?"

"రెండు లెక్కలున్నాయండీ. ఎనభై అయిదు అందరికీ వేసేది. మన వైపు మనుషులకి కొంచెం బరువుకే చక్కెర జబ్బు వచ్చేస్తుందని, మనకి తక్కువ పెట్టారు. అది డెబ్బై తొమ్మిది."

"అందరూ అంటే ఎవరు?"

"అంటే తెల్లవాళ్ళు, అమెరికా వాళ్ళు, అలాగన్నమాట."

వరుసలో వెనకనుంచి చేపలమ్మే ఆవిడ కిసుక్కుమంది. "అయితే మనవాడికి పైదే వేసేయమ్మా. వాళ్ళ తాత లెక్క అదేగా."

వరుసంతా నవ్వు పాకింది. దగ్గుతో వచ్చినవాళ్ళకి దగ్గు కూడా ఆగింది. లూడీ పాపం కొత్తది. ఆ నవ్వు దేనికో తెలియక, చాలా మర్యాదగా అడిగింది, "మీ కుటుంబంలో విదేశీయులెవరైనా ఉన్నారాండీ? ఉంటే పై అంకె రాయొచ్చు."

ఆ అమ్మాయికి తెలియనిదీ, ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిందీ ఏమిటంటే, యుద్ధం అయిపోయిన ఏడు మా బడి ఆవరణలో అమెరికా సైనికులు డేరాలు వేసుకున్నారు. మోహెన్ నానమ్మ, ఇప్పుడు ఊరంతా లోలా, అంటే అవ్వ, అని పిలిచే సెవెరా, అప్పుడు కొత్త పెళ్ళికూతురు, వాళ్ళ బట్టలుతికేది. మరుసటేడు ఆమెకి కొడుకు పుట్టాడు. ఆ కొడుకు గుమ్మాలన్నీ తలకి తగిలేంత ఎదిగాడు, అతని కొడుకు మోహెన్ ఇంకా ఎదిగాడు. ఆమె భర్త ఫాబియన్ ఎంత పొట్టివాడంటే, కల్లు పోసుకునే వెదురు గొట్టం భుజానికి తగిలించుకుంటే గొట్టమే ఆయన్ని మోసుకెళుతున్నట్టుండేది. మిగతా లెక్క ఊరే కట్టుకుంది. ఫాబియన్ బతికున్నన్నాళ్ళూ ఆ మాట విననట్టే ఉన్నాడు. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. లోలా సెవెరా ఉంది, తొంభైకి దగ్గర పడింది.

మోహెన్ చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చే మంగళవారం చెబుతాను మేడమ్," అని లేచి, గుమ్మానికి తల కొట్టుకుని బయటపడ్డాడు.

ఆ వారం మా ఊళ్ళో ఇంకో మాట లేదు. కల్లు పాక దగ్గర కూచుని మోహెన్ ముక్కు గురించి తీర్పులిచ్చారు. ఒకడు ఆ ముక్కు మనదే అన్నాడు, ఒకడు ముక్కు మనదే గానీ రంధ్రాలు మనవి కావన్నాడు. అంతవరకూ గుసగుసగా అనేవాళ్ళు ఇప్పుడు ఆరోగ్యం పేరు చెప్పి గట్టిగానే అనేశారు. అందరూ అతని మేలు కోరేవాళ్ళే. ఆరు కిలోలు తేలిగ్గా వస్తుంటే ఎందుకు వదులుకోవాలని బాధపడ్డారు.

ఇంట్లో భార్య నింఫా కూడా అదే పాట. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి కొబ్బరిపాలలో ఉడికించిన పనసకాయ కూర ముందు పెట్టుకుని మొగుడూ పెళ్ళాలు చూపులతోనే పోట్లాడుకుంటున్నారు. మోహెన్ కంచంలో అన్నం పిచ్చుకకి పెట్టినంత ఉంది.

"నువ్వు చెప్పు బాబాయ్," అంది నింఫా. "అవునని ఒక్క ముక్క అంటే ఏం పోతుంది? ఎనభై అయిదుకైతే వచ్చే పండక్కి పైకెక్కుతాడు. డెబ్బై తొమ్మిది అంటే ఎప్పటికి? అంతదాకా ఇంట్లో కూచుని దూలాలకి తల కొట్టుకోవడమేనా?"

"లోలాకి తెలిస్తే?"

"ఎవరు చెబుతారు?"

"ఈ ఊళ్ళోనా?" అన్నాను. నింఫా కూర కలపడంలో పడిపోయింది.

మోహెన్ నన్ను బయటిదాకా సాగనంపాడు. కంచె దగ్గర ఆగి, "బాబాయ్, నాకూ ఆకలేస్తుంది," అన్నాడు మెల్లగా. "ఆ ఆరు కిలోలు నాకూ కావాలి. కానీ వెదురు కట్టడం తాత నేర్పాడు. నేను ఏడ్చినప్పుడల్లా నా వెనకాలే నడిచేవాడు, కింద చూడకురా అంటూ. ఇప్పుడు ఆయన్ని కాదని రాయించుకుని, ఆయన కట్టిన తోటలోకే ఎక్కమంటారా?"

నేను కంచె తలుపు దగ్గరికి వేసి ఇంటిదారి పట్టాను.

మంగళవారం ఊరంతా జబ్బుపడింది. నడుం నొప్పి, పంటి పోటు, ఏ నొప్పీ దొరకనివాళ్ళు పక్కింటివాళ్ళ పిల్లల్ని ఎత్తుకొచ్చారు. కా టిబో కూడా వచ్చి, రక్తపోటు చూపించుకుందామని వచ్చానన్నాడు. నేను ఎప్పటిలాగే మాత్రల కోసం, వారం కిందట తెచ్చుకున్నవి ఇంకా జేబులోనే ఉన్నాయి.

మోహెన్ కుర్చీలో కూచున్నాడో లేదో, గుమ్మం దగ్గర కర్ర చప్పుడయింది. లోలా సెవెరా. గొడుగు మూసి, ఎవరినీ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. వరుస రెండుగా చీలి దారిచ్చింది.

"అమ్మాయ్," అంది లూడీతో, "ఏ అంకెకి నా మొగుడు కావాలి, ఏ అంకెకి అక్కర్లేదు?"

లూడీ మొహం కందిపోయింది. "అయ్యో, అలా కాదు లోలా..."

"అలాగేనని ఊరంతా అంటోంది. చెప్పు."

"డెబ్బై తొమ్మిది అయితే... అందరూ ఇక్కడివాళ్ళేనని. ఎనభై అయిదు అయితే, వేరే."

"అయితే ఎనభై అయిదు రాయి."

పిల్లలు కూడా ఏడవడం మానేశారు. లోలా సెవెరా వరుస వైపు తిరిగింది.

"డెబ్బై ఏళ్ళుగా ఈ ఊరు నన్ను ఊరికే అంటోంది. అన్నందుకు ఒక్కరూ ఒక్క ఎండుచేప ముక్కయినా ఇచ్చిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకి ఆ మాటకి ఆరు కిలోలు వస్తున్నాయి. నా మనవడు తింటాడు. రాయమ్మా."

చేపలమ్మే ఆవిడ ఆగలేకపోయింది. "అంటే లోలా, నిజంగానే..."

"నువ్వు తూకానికి వచ్చావా, సాక్ష్యానికి వచ్చావా?"

ఆవిడ పంటి పోటు గుర్తొచ్చి దవడ పట్టుకుంది.

మోహెన్ లేచి నిలబడ్డాడు. ఆ గదిలో అతను లేస్తే వెలుతురు తగ్గుతుంది. "డెబ్బై తొమ్మిది రాయండి మేడమ్. మా తాత ఫాబియన్."

"కూచోరా," అంది లోలా. "ఆయన సమాధిలో ఉన్నాడు, ఆయనకి ఆకలి లేదు. నువ్వు బక్కచిక్కితే ఆయనకేం ఒరుగుతుంది?"

"ఆయనకి కాదు లోలా, నాకు."

ముసలామె కర్ర మీద రెండు చేతులూ ఆనించి అతన్ని కింద నుంచి పై దాకా చూసింది. అంత దూరం చూడడానికి కొంత సమయం పట్టింది.

లూడీ గొంతు సవరించుకుంది. "నేను ముందే చెప్పాల్సింది. రక్తం ఫలితం నిన్ననే వచ్చింది. చక్కెర గట్టు మీదుంది, ఇంకొంచెం పెరిగితే జబ్బే. తాత ఎవరైనా సరే, నేను డెబ్బై తొమ్మిదే రాస్తాను."

"రక్తంలో తాత సంగతి కూడా తెలిసిపోయిందా?" అన్నాడు కా టిబో, అందరి తరఫునా.

"చక్కెర ఒక్కటే తెలుస్తుందండీ."

ఊరంతా ఉసూరుమంది. లోలా సెవెరా మాత్రం కుర్చీలో కూలబడి, పళ్ళు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయితే నా పరువు ఉత్తినే పారేసుకున్నానన్నమాట," అంది. ఆమె నవ్వుతుంటే నవ్వాలో వద్దో ఎవరికీ అర్థం కాలేదు.

తరవాత మోహెన్ బరువు మా ఊరి పంటలాగా అయింది. అతను దారిన పోతుంటే ఎంతకి వచ్చావని అందరూ అడిగేవాళ్ళు. పండగ నాటికి ఎనభై అయిదుకి దిగాడు. పొట్ట లోపలికి పోయి, మనిషి ఇంకా పొడుగ్గా కనిపించాడు. పొడుగు చేతులవాడు పైన లేక, చివరి గెలలు అందక, కల్లు తగ్గి, తగ్గినంతా నీళ్ళతో నింపడంతో అప్పటికి మా కల్లు పల్చబడి నీళ్ళలా ఉంది. కా టిబో స్వయంగా ఇంటికొచ్చాడు.

"చాల్లేరా, ఎక్కేసెయ్. వెదురు మోస్తుంది, నేను చూసుకుంటాను."

"రాసింది డెబ్బై తొమ్మిది కదా, కా టిబో."

"రాయించమన్నది నేనే, వద్దంటున్నదీ నేనే."

"నాకింకా ఆరు కిలోల పనుంది," అని మోహెన్ ఉడికించిన అరటికాయ తింటూ కూచున్నాడు. లోలా సెవెరాని ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్న ఊరు, వానాకాలం పోయేదాకా ఆ నీళ్ళ కల్లే తాగింది. ఆ చివరి ఆరు కిలోలు మొదటి పద్ధెనిమిదికంటే మొండివి.

అతను మళ్ళీ ఎక్కిన రోజు పొద్దున్నే లోలా సెవెరా తోటలోకి వచ్చి నా పక్కన నిలబడింది. మోహెన్ మొదటి చెట్టు ఎక్కి, వెదురు మీద కాలు పెట్టాడు. ఆ కాళ్ళకి నాలుగు అంగల్లో దాటిపోవలసిన దూరం. అతను మాత్రం పాదం ముందు పాదం ఆనించి, చిన్న చిన్న అడుగులు, పొట్టివాడి అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. ఇన్నేళ్ళూ అతను అలాగే నడిచి ఉంటాడు. కింద నుంచి మేమందరం అతని పొడుగే చూశాం, నడక చూడలేదు.

లోలా చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, అతను రెండో చెట్టు చేరేదాకా చూసింది. తరవాత నా వైపు తిరిగి, ఇంటికి పోయి అన్నం వండాలి, వాడు దిగేవేళకి ఆకలితో ఉంటాడు అంది.