మా ఆవిడ మెచ్చుకున్న సూప్

మా ఆవిడ సౌ ఫుంగ్ నోట మెచ్చుకోలు వచ్చిందంటే ఎవరికో మూడిందని లెక్క. పెళ్ళయిన నాటి నుంచీ నా మొహం చూసి "వేడి చేసింది, తాగు", "గొంతు బొంగురుపోయింది, తాగు" అని కసురుతూ సూప్ గిన్నె చేతిలో పెట్టడమే తప్ప ఒక్క మంచి మాట అనలేదు. తిట్లన్నీ ఇంటివాళ్ళకి, మర్యాదలన్నీ బయటివాళ్ళకి. హాంగ్‌కాంగ్‌లో మా ఇరుకు ఫ్లాటు గోడల అవతల ఉన్నవాళ్ళకి కూడా ఈ సంగతి తెలుసు.

అందుకే మా అమ్మాయి యూట్ నింగ్‌కి దడ పట్టుకుంది. తను పెళ్ళి చేసుకుంటానన్న పాక్ కిన్ ఎన్నిసార్లు వచ్చినా మా ఆవిడ "రండి బాబూ, కూర్చోండి బాబూ" అనే అంటోంది. "అమ్మ నిన్ను ఒక్కసారి తిడితే చాలు, మన పెళ్ళయిపోయినట్టే" అని వాడికి చెప్పిందట. తిట్టించుకోవడం ఎలాగో తెలియక, ఆ ఆదివారం సూప్ తెస్తానని ముందే చెప్పి, వాడు తానే కాచి, కుండకి తువ్వాలు చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

పంది ఎముకలు, క్యారెట్, ఎండు ఖర్జూరం, కాలువనీళ్ళలో పెరిగే ఆకుకూర. నేనొక గుటక వేశాను. అబ్బ, చేదు! ఆ ఆకు నీళ్ళు తెర్లుతున్నప్పుడే వెయ్యాలని మా దగ్గర చిన్నపిల్లలకైనా తెలుసు.

మా ఆవిడ రెండు గుటకలు మింగి నవ్వింది.

"చాలా బాగుంది బాబూ. పాపం, శ్రమపడ్డారు."

అమ్మాయి మొహం పాలిపోయింది. కుర్రాడు నాకు నచ్చాడు; కానీ ఈ ఇంట్లో నాకు నచ్చడం ఏ లెక్కలోకి వస్తుంది?

అప్పుడు పాక్ కిన్ తన గిన్నె ఎత్తి తాగాడు. మొహం వికారంగా పెట్టాడు.

"ఆంటీ, ఇది బాగుందంటారేంటండీ? చేదు విషం!"

"అయ్యో, అదేం లేదు బాబూ..."

"నిజం చెప్పండాంటీ. ఆకు చన్నీళ్ళలోనే వేసేశాను. అందుకేనా?"

మా ఆవిడ చెంచాతో బల్ల మీద ఒక్కటి కొట్టింది. "చన్నీళ్ళలోనా! బుద్ధుందా నీకు? ఎవరైనా వేస్తార్రా అలాగ? మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదూ?"

యూట్ నింగ్ సంతోషం పట్టలేక బల్ల కింద నా కాలు తొక్కింది. నొప్పెట్టినా ఊరుకున్నాను.

"చెప్పేవాళ్ళు లేరాంటీ," అన్నాడు వాడు నవ్వుతూనే. "అమ్మ పోయాక నాన్నకీ నాకూ హోటల్ తిండే. ఫోన్లో చూసి కాచాను."

మా ఆవిడ చెంచా కింద పెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"ఇంకా కూర్చున్నావేం? ఇలా వచ్చి కళ్ళు తెరుచుకుని చూడు."

వెనక పొయ్యి మీద గుడ్డ కప్పిన మట్టికుండ ఉంది. వాడి వంట మీద నమ్మకం లేక పొద్దున్నే తనూ కాచింది, వాడు చిన్నబుచ్చుకుంటాడని దాచింది. తిడుతూనే ఆకు పైకి తీసి చూపించింది. తిడుతూనే ఫ్లాస్కు నిండా పోసి, మూత బిగించి, వాడి చేతుల్లో పెట్టింది.

"ఇది నీక్కాదు. దారిలో ముట్టుకున్నావో, కాళ్ళిరగ్గొడతా. మీ నాన్నకి. వచ్చే ఆదివారం ఆయన్నీ తీసుకురా."

వాడు ఫ్లాస్కును రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడేమో, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడిపోయాడు.