తాళం అడవి

దుప్పి, దుప్పి, నెమలి, ఖాళీ, మళ్లీ దుప్పి. ప్రగతి ఎడమచేత్తో లాప్‌టాప్ మీట నొక్కుతూ కుడిచేత్తో గిన్నెలో చింతపండు పిసుకుతోంది. శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. ముందు గదిలో టీవీ చూస్తున్న అత్తగారు పంకజం తల తిప్పకుండానే అడిగింది, ఆ జింకలేమన్నా వచ్చి రసం కాస్తాయా అని. ఎనిమిదేళ్లుగా వింటున్న ప్రశ్నకు ప్రగతి ఎన్నిసార్లని జవాబు చెబుతుంది.

తొండియార్‌పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆమె ఉద్యోగానికి దొరికిన చోటు భోజనాల బల్ల చివర, అదీ కంచాలు తీసేశాక. ఉద్యోగం సర్కారు అడవిలో, కాంట్రాక్టు మీద. ఊరికి ఉత్తరంగా రెండు గంటల దారిలో ఉన్న ఆ అడవి నడుమ ఒక ముక్కను జంతువుల కోసం విడిగా కట్టుదిట్టం చేశారు. అందులో పశువులు మేయకూడదు, పుల్ల ఏరకూడదు, సరదాకి కూడా ఎవరూ అడుగు పెట్టకూడదు. బండిబాటకు అడ్డంగా గొలుసు, గొలుసుకు తాళం. చుట్టుపక్కల వాళ్లు దాన్ని తాళం అడవి అంటారు. తాళంచెవులు రెండే. ఒకటి రేంజరు దగ్గర, ఒకటి ప్రగతి దగ్గర. నెలకొకసారి ఆమె, అడవి కాపలా చూసే వాచరు కాళియమ్మ లోపలికి పోయి పేడలూ పెంటికలూ లెక్కపెడతారు, చెట్లకు మోకాలెత్తున కట్టిన కెమెరాల్లో కార్డులు మారుస్తారు. ఎదురుగా ఏది కదిలినా కెమెరా మూడు ఫోటోలు తీస్తుంది. వేల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని దుప్పిని దుప్పుల ఫోల్డర్లో, నక్కను నక్కల ఫోల్డర్లో వేయడం ఆమె పని. మనుషులకూ ఒక ఫోల్డరు ఉంది. అందులో ఎవరు పడినా ఫారం నింపి పంపాలి.

ఈ ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె భర్త బాబు చూలైలోని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ నవ్వాడు, మా ఆవిడ జువాలజీ చదివింది పేడ లెక్కపెట్టడానికి అని. అడవి నుంచి వచ్చిన రోజు ఆమె వెనక కొళాయి దగ్గర తలస్నానం చేస్తే గాని వంటింట్లోకి రాకూడదు. ఆమె బట్టలకు వేరే బకెట్టు. మొదట్లో ప్రగతికి కూడా నవ్వొచ్చేది. ఎండిన దుప్పి పెంటికలు వేళ్లతో నలిపితే గడ్డి వాసన వస్తుంది, లోపలి గింజను బట్టి ఏ పండు తిన్నదో చెప్పవచ్చు. అందులో అసహ్యం ఏముంది. అసహ్యమంటే వక్కపొడి నమిలి వాష్‌బేసిన్‌లో ఊసిపోయిన ఎర్రటి మరక. బాత్రూంలో నీళ్లు పోయకుండా దర్జాగా బయటికొచ్చే మగవాడి ధీమా. మంచం కింద వారం రోజులు మాగిన బనియన్లు. అవన్నీ కడిగేది ఈ చేతులే. వాటికి వేరే బకెట్టు లేదు, అవి కడిగాక తలస్నానం చేయమని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

గొలుసు కట్టిన ఏడాది అడవి అంచు కాలనీ ఆడవాళ్లను కూర్చోబెట్టి ఒప్పించింది ప్రగతే. వాళ్ల అమ్మమ్మల నాటి పుల్లల దారి ఆ ముక్కలో నుంచే పోతుంది. చుట్టు తిరిగి పోవాలంటే గంటన్నర ఎక్కువ నడక. చివరికి ఆ కాలనీ మనిషే అయిన కాళియమ్మ లేచింది.

“మేము పోములేమ్మా. ఇంకెవురూ పోకుండా నువ్వు చూస్కో. అది చాలు.”

చూసుకుంటానని ప్రగతి మాటిచ్చింది. పోయిన వానల్లో కాళియమ్మ సొంత కోడలే కెమెరాకు చిక్కింది. నెత్తిన మోపు, ఆరో నెల కడుపు. చుట్టు తిరగలేక గొలుసు కింద నుంచి దూరి పోయింది. ప్రగతి ఒక పూటంతా ఆ ఫోటో ముందు కూర్చుని, ఆఖరికి ఫారం పంపింది. కొడవలి లాక్కుని, ఆ పిల్లను పొద్దుగూకేదాకా ఆఫీసు ముందు కూర్చోబెట్టారు. మరుసటి నెల కాళియమ్మ ఎప్పటిలాగే ముందు నడుస్తూ, ముళ్లకంప పక్కకు తోస్తూ, నువ్వు చేసింది న్యాయమేలేమ్మా అంది. ఆ రోజు ప్రగతికి అన్నం సయించలేదు.

మీట నొక్కింది. దుప్పి. మళ్లీ నొక్కింది. చెప్పులేసుకున్న కాళ్లు.

జంతువులు నీళ్లు తాగే ఊట దగ్గరి కెమెరా అది. ఆ చెప్పుల్లో ఎడమదాని పట్టీ తెగితే తీసుకెళ్లి కుట్టించింది తనే. తర్వాతి ఫోటోలో ఇద్దరు మగాళ్లు చెరో చెవి పట్టుకుని మోస్తున్న పెద్ద వంట అండా, ఈ ఇంటి అండానే. పోయిన నెల ఒక ఆదివారం, పులికాట్ పక్కన తమ ఫ్యాక్టరీ మేనేజరు తోటలో విందని బాబు చెబితే, ఆమె తెల్లవారుజామునే లేచి పన్నెండు మందికి బిరియాని వండి అందులో పెట్టి పంపింది. ఆ తర్వాతి మూడు ఫోటోల్లో బాబు ఒక్కడే. ఊట ఒడ్డున నిలబడి, ప్యాంటు జిప్పు తీసి, నీళ్లలోకే పోస్తున్నాడు. మూడోదాంట్లో పక్కకు తిరిగి ఎవరినో చూసి నవ్వుతున్నాడు.

ప్రగతి నొక్కుతూ పోయింది. విస్తళ్లు, సీసాలు, ఎముకలు. తర్వాత రెండు రోజులు ఊట దగ్గరికి ఏ జంతువూ రాలేదు. మూడో రోజు ఒక దుప్పి, దాని పిల్ల. పిల్ల నోట్లో ప్లాస్టిక్ కవరు. ఉప్పూ మసాలా అంటిన ఆ కవరును అది ఇష్టంగా నములుతోంది, తల్లి పక్కన నిలబడి చూస్తోంది. ఆ మసాలా నూరింది ప్రగతి.

మనలి ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు ముగించుకుని బాబు మూడున్నరకు వచ్చాడు. ఆమె కంచం పెట్టలేదు. లాప్‌టాప్ తిప్పి ముందు పెట్టింది. ఆయన వంగి చూశాడు.

“నేనా ఇది? లావైనట్టుండానే,” అన్నాడు.

తాళంచెవి ఎక్కడిదని అడిగింది. ఆయన దాచలేదు. ఆమె బ్యాగులోది తీసి చూలైలో ఒక కొట్టులో అచ్చం అలాంటిదే చేయించాడట, పది నిమిషాల పనట. మా ఆవిడ ఫారెస్టు ఆఫీసరని మేనేజరుకు చెప్పి ఉన్నాడట. చుట్టాల దగ్గర పేడ లెక్కపెట్టే మనిషి మేనేజరు దగ్గర ఆఫీసరయింది. అడవి సర్కారుది, సర్కారు మనది, నాలుగు దుప్పుల కోసం ఇంత రాద్ధాంతమెందుకన్నాడు.

“తీసేయ్ ఆ ఫోటోలు. సరి విడు, వదిలేయ్. ఎవురికి తెలస్తాది?”

“కాళియమ్మ కోడలివి తీసేయలేదు.”

“ఆమె, నేనూ ఒకటా? నేను నీ మొగుణ్ణే.”

పంకజం టీవీ గొంతు తగ్గించింది. మొగుణ్ణి పట్టిచ్చే పెండ్లాన్ని తమ వంశంలో ఎన్నడూ చూడలేదంది. ఆ ఫారం పోతే తాళంచెవి ఎవరిదని అడుగుతారని, ముందు ఊడేది కోడలి ఉద్యోగమేనని కూడా అంది. ఆ మాట నిజం. ఎనిమిదేళ్లుగా ఆ ఉద్యోగాన్ని చూసి ముక్కు మూసుకున్న మనిషి, ఇవాళ దాన్నే అడ్డం పెట్టి బెదిరిస్తోంది. బాబు అప్పటికే చేతులు కడుక్కుని కంచం కోసం చూస్తున్నాడు. ఆమె ఆ ఫోటోలు తుడిచేస్తుందని ఆయనకు అంత నమ్మకం, రోజూ వాష్‌బేసిన్ తుడవడం లేదూ మరి. ఆ నమ్మకాన్ని చూస్తే ఊట దగ్గరి ఫోటో కన్నా ఎక్కువ రోత పుట్టింది ప్రగతికి. ఇన్నేళ్లూ దాన్ని అన్నం పెట్టి పెంచింది తనే. ఈ సోమవారం కాళియమ్మ వెనక నడవాలి. ఫోటోలు తుడిచేసిన చేతులతో, ఆమె ముళ్లు తొలగించిన దారిలో ఎలా నడుస్తుంది.

చింతపండు ఎండిన చేయి కడుక్కుని వచ్చి ఫారం తెరిచింది. పేరు గడిలో బాబు పేరు, తండ్రి పేరు. లోపలికి ఎలా వెళ్లారన్న చోట, నా తాళంచెవికి నకలు చేయించుకుని వెళ్లారు, నా చెవిని జాగ్రత్తగా పెట్టకపోవడం నా తప్పు, అని రాసింది. ఏమి కొడతా ఉండావని బాబు వెనక నుంచి మొదట నవ్వుతూ అడిగాడు, తర్వాత నవ్వకుండా అడిగాడు. చిరునామా గడిలో తొండియార్‌పేట ఇల్లు, డోరు నంబరుతో సహా. దాని కింద, గుర్తించినవారి పేరు. తన పేరు రాసింది. గుర్తించినవారి చిరునామా దగ్గర అదే వీధి పేరు సగం కొట్టి ఆగింది. ఆ సగాన్నీ చెరిపేసింది. ఖాళీగా వదిలి పంపబోతే ఫారం కదలలేదు, ఆ గడి తప్పనిసరిగా నింపాలని ఎర్రగా చూపించింది. ప్రగతి కాసేపు ఆలోచించి, కేరాఫ్ కాళియమ్మ అని, కింద కాలనీ పేరు కొట్టింది. ఫారం వెళ్లిపోయింది.