గోడ తాగాల్సిన నీళ్ళు

కోటగోడ పొద్దున్నే లేచి మైలమ ఇంటికి వస్తుంది. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, వంగి గడప దాటి, పీట వాల్చుకుని కూర్చుంటుంది. దానికి చోటు చాలేలా ఇల్లు పొడుగ్గా సాగుతుంది.

"ఆకలిగా ఉంది వదినా," అంటుంది గోడ.

పొరపాటు ఎక్కడ జరిగిందో మైలమకు వెంటనే తెలిసిపోతుంది. శత్రుసేన వస్తోందని, చీనా ఓడ దిగి వచ్చిన తావో మతగురువు లూ తన మంత్రగ్రంథం తెరిచి, పసుపు కాగితాల మీద ఎర్రసిరాతో రెండు రక్షలు రాశాడు. గోడకు 'కదలకు' అని. ఆమె మొగుడు బేతనకు 'క్షేమంగా ఇంటికి రా' అని. కాల్చిన బూడిద నీళ్ళలో కలిపి, ఒకటి గోడ మొదట్లో పోయాలి, రెండోది బేతన తాగాలి. కలిపింది మైలమే. దాహం మీదున్న బేతన చేతికందిన గోడ ముంత ఎత్తి తాగేశాడు. మిగిలింది గోడకు పోశారు.

"ఇది నీ ఇల్లు కాదయ్యా," అంటుంది మైలమ.

"రక్ష ఎవరికి రాశారో వాళ్ళ ఇల్లే నా ఇల్లు. అన్నం పెట్టు."

మైలమ ఊరి చివరకు పరిగెడుతుంది. గోడ ఉండాల్సిన చోట బేతన నిలబడి ఉన్నాడు. చేతులు రెండు వైపులా సాగి ఊరిని కాస్తున్నాయి. మీసానికి సున్నం పట్టింది. భుజాల మీద విలుకాళ్ళు పచార్లు చేస్తున్నారు.

"ఇంటికి రావయ్యా!"

"నేను కదిలితే ఊరు మిగలదే."

"కదలకపోతే నువ్వు మిగలవు. అవతల ఏనుగులొస్తున్నాయి."

"రానీ. ఆ నీళ్ళెవరు కలిపారే, అంత చేదుగా?"

పక్కనే లూ జోస్యం కోసం రెండు చంద్రవంక చెక్కలు ఎగరేస్తాడు. అవి గాలిలోనే ఆగిపోతాయి.

"ఇంకా తేల్చుకోలేదు," అంటాడు లూ.

"అవి తేల్చుకునేలోగా నా మొగుడి గుండెల్లో దంతాలు దిగుతాయి. మా ఆయనకు రాసిన రక్షే ఇంకోటి రాయి గురువయ్యా."

"నడుము దాకా రాయి అయ్యాడు. ఇక తాగినా ఒంటికి పట్టదు."

"ఆయనకు కాదు."

లూ రాసిచ్చిన కొత్త రక్షను కాల్చి, ఆ బూడిద కలిపిన నీళ్ళు మైలమ తీసుకెళ్ళి, శత్రువులు ఏనుగులకు నీళ్ళు పట్టే వాగులో పోస్తుంది. సేన తాగుతుంది. రౌతులు ఈటెలు దించి, బేతన చంకల కింద నుంచి ఒద్దికగా వంగి, క్షేమంగా మైలమ ఇంటికి చేరతారు. ఏనుగులకు గోడ పక్కకు జరిగి చోటిస్తుంది.

"శత్రువులేరే?" అని అరుస్తాడు బేతన.

"మనింట్లో. భోజనాలకు కూర్చున్నారు."

శత్రువు ఎక్కడుంటే గోడ అక్కడే ఉండాలి. బేతన చేతులు వీధులు దాటుకుంటూ వచ్చి, ఇంటి చుట్టూ ముడుచుకుని, వేళ్ళు పెనవేసుకుంటాయి. ఎటు చూసినా ఆయన చేతులే.

"వచ్చేశావు కదా," అంటూ, ఆ చేతులకు బయటే ఉండిపోయిన మైలమ ఆయన బొటనవేలికి చెంప ఆనిస్తుంది.

గోటిలో చిన్న తలుపు తెరుచుకుంటుంది. బియ్యపుగింజంత కాపలావాడు, అచ్చం బేతన ముఖంతో, ఆమెకు ఈటె గురిపెడతాడు.

"ఎవరు నువ్వు?"

"నీ పెళ్ళాన్నయ్యా, మైలమను."

"మైలమ లోపలుంది. ఆమె బతకాలనే ఇంత కాపలా. వెళ్ళు."

తలుపు మూసుకుంటుంది. దాని వెనక, అన్నం చల్లారిపోతోంది రమ్మని బేతనను పిలుస్తున్న తన గొంతే ఆమెకు వినిపిస్తుంది.